తీగ లేని పిన్ను

7 జులై 2005, గురువారం

ఆషాఢం వచ్చింది. ఇంక శ్రావణం దాకా మా ఎడపల్లిలో పెండ్లి లేదు. పెండ్లి లేదు కాబట్టి నిజామాబాదులో రాజనర్సు సేటు స్టూడియోకు పని లేదు. స్టూడియోకు పని లేదు కాబట్టి అక్కడ వీడియోలు తీసే మా అన్న దేవదాస్ మంచం దిగడం లేదు. ఈ వాక్యాలు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని నడిచాయి. మళ్లీ చదువుకుంటే సంతోషంగా ఉంది.

ఇది ఎవరికీ చూపించను. బోధన్ కాలేజీలో తెలుగు చెప్పే శ్యామలమ్మ మేడం రోజూ కాస్త రాయమన్నారు. బీఎస్సీ కంప్యూటర్స్ వాళ్లకు తెలుగు దేనికని వెనక బెంచీలు నవ్వాయి. నవ్వనీ. నేను రాస్తాను.

రాయాల్సింది అసలు నిన్నటి సంగతి. మా వాడలోని లింబయ్య కూతురి పెండ్లి సీడీ వచ్చింది. వాడ వాడంతా వాళ్లింట్లో టీవీ ముందు కూర్చుంది. మేలో జరిగిన ఆ పెండ్లిని మా అన్నే తీశాడు. లైటు పట్టే మనిషి రాలేదని నన్ను తీసుకెళ్లాడు. లైటు పట్టుకుని నిలబడ్డప్పుడే నేను భీమవ్వ పాట విన్నాను. రోటి చుట్టూ ఆడవాళ్లు పసుపు కొమ్ములు దంచుతుంటే మా పక్కింటి భీమవ్వ, రోజంతా తలవంచి బీడీలు చుట్టే భీమవ్వ, తల ఎత్తి పాడింది.

ముద్దుగ దంచితే ముప్కాలు సుట్టాలు
కమ్మంగ దంచితే కమ్మర్‌పల్లి సుట్టాలు
దంచు మా యక్కా పసుపు దంచు

ముప్కాల్ పక్కన ‘ముద్దుగ’, కమ్మర్‌పల్లి పక్కన ‘కమ్మంగ’. బస్సు బోర్డుల మీద రోజూ చూసే ఊళ్ల పేర్లకు అంత అందం ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. రెండు చరణాలు గుర్తు పెట్టుకున్నాను. మూడోది మొదలయ్యే సరికి అన్న కొత్త టేపు తెమ్మని నన్ను బయటికి పంపాడు. తిరిగి వచ్చేసరికి లోపల ఆడవాళ్లంతా పడీ పడీ నవ్వుతున్నారు. ఎందుకో ఎవరూ చెప్పలేదు.

నిన్న సీడీలో ఆ పసుపు దంచే చోటు వచ్చింది. భీమవ్వ నోరు తెరిచింది. అందులోంచి సినిమా పాట వచ్చింది. అందరూ నవ్వారు. భీమవ్వ కూడా నవ్వింది. “నా నోట్లకెల్లి గా పడుసుపిల్ల గొంతెట్లొచ్చిందే?” అంది. తర్వాత లేచి ఇంటికి పోయి బీడీల చాట ముందర వేసుకుంది.

9 జులై

అన్నను మంచం మీదే పట్టుకుని అడిగాను. పెండ్లి వీడియోను అతికి, పాటలు కలిపే పనిని మిక్సింగ్ అంటారు. అది హైదరాబాదులో జరుగుతుంది. సీడీ తయారయ్యాక అసలు టేపులు తిరిగి సేటు దగ్గరికి వస్తాయి. శ్రావణంలో మొదటి ముహూర్తానికి వాటి మీదే కొత్త పెండ్లి తీస్తారు.

“అంటే పాత పెండ్లి?”

“పోతది. పెండ్లయినంక పెండ్లి టేపెందుకే?”

మాటలను ఎవరూ ఉంచుకోరా అని అడిగాను. అన్న నవ్వి ఒక కథ చెప్పాడు. పోయిన ఏడు ఒక పెండ్లిలో కెమెరాకు అడ్డం వచ్చిన పెండ్లికొడుకు మేనమామను అన్న ఏదో తిట్టాడట. ఆ తిట్టు మిక్సింగులో తీసేయడం మరిచిపోయారు. తాళి కట్టేటప్పుడు మంత్రాల నడుమ అది ఖంగున వినిపించింది. మేనమామ స్టూడియోకు వచ్చి అద్దం పగలగొట్టాడు.

“గప్పటిసంది సేటు మస్తు హుషారయిండు,” అన్నాడు అన్న.

నేనూ నవ్వాను. “అయితే లింబయ్య వాళ్ల అసలు టేపుల భీమవ్వ పాట ఉంటది గదా?”

“ఉంటది తియ్యి,” అని అటు తిరిగి పడుకున్నాడు.

అన్న అబద్ధం చెప్పడు.

10 జులై

చర్చి నుంచి నేరుగా భీమవ్వ ఇంటికి పోయాను. బీడీలకు తునికాకు కత్తిరిస్తోంది.

“అవ్వా, గా పసుపు పాట ఒక్కసారి పాడవా? రాసుకుంట.”

“పెండ్లి లేని ఇంట్ల పెండ్లి పాట వాడుతరా పిల్లా? ఎవలన్న ఇంటే ఏమనుకుంటరు?”

“పాడకు. మాటలు చెప్పు చాలు.”

“చెప్తే రాదు. రోకలి వడ్తుంటెనే నోట్లకొస్తది.”

శ్రావణంలో పెండ్లిళ్లు వస్తాయి కదా, అప్పుడు రాసుకుంటానన్నాను. భీమవ్వ కత్తెర ఆపలేదు. “ఇగ నన్నెవలు పిలుస్తరు? బీరువలంత సౌండు బాక్సులొచ్చినయి. శ్రావణం వడకముందే మా తుకారాం అచ్చి నన్ను భివండి తీస్కపోతడు.” తుకారాం ఆమె కొడుకు. అక్కడ మగ్గాల మీద పని.

అయితే మిగిలింది టేపు ఒక్కటే. ఆషాఢం దాటితే అదీ లేదు.

ఇంటికి వస్తే అమ్మ అంది: “మన కీర్తనలు మనకు లేవా? వాళ్ల రోళ్లు, వాళ్ల రోకండ్లు మనకెందుకే?”

పాట వినడానికి మతం మారాలా? ఈ మాట అమ్మతో అనలేదు. ఇక్కడ అంటున్నాను.

12 జులై

అన్నతో కలిసి స్టూడియోకు పోయాను. రాజనర్సు సేటు టేపు చూపించాడు, చేతికి ఇవ్వలేదు. కెమెరా సర్వీసింగుకు పోయిందట, నెలాఖరుకు వస్తుంది. టేపును ఇంకో దాంట్లోకి ఎక్కించాలంటే కంప్యూటర్ కావాలి, అది స్టూడియోలో లేదు.

“మాకు కంప్యూటర్ ఉంటే?” అన్నాను.

“ఉంటే కెమెరా, టేపు ఒక దినం ఇస్త. నా మిక్సింగ్ పని గూడ మీకే ఇస్త, హైదరాబాద్ ఖర్సు తప్పుతది.” తర్వాత అన్నను చూసి నవ్వాడు. “నీ చెల్లె కడ్తదా ఏందిరా కంప్యూటరు, బతుకమ్మ పేర్సినట్టు?”

కడతాను.

బస్సులో అన్నను మళ్లీ అడిగాను. “టేపుల మాట వస్తది గదా?”

“వస్తది, ఎందుకు రాదు,” అన్నాడు కిటికీలోంచి బయటికి చూస్తూ. తర్వాత ఎడపల్లి వచ్చేదాకా కంప్యూటర్ గురించే మాట్లాడాడు. మంచి గ్రాఫిక్స్ కార్డు వేస్తే కాలేజీ పిల్లలు వచ్చి కార్ల రేసులు ఆడతారట. పొద్దంతా మిక్సింగు, సాయంత్రం గేములు. “నువ్వడుగు బాపును. నేనడిగితే తిడతడు. నువ్వు సదువుకునే దానివి.”

అన్న అబద్ధం చెప్పడు.

14 జులై

అడిగాను. బాపు చెరుకు పైసలతో పొలంలో మోటారు మార్చాలనుకున్నాడు. చివరికి అన్నాడు: “పాట కోసం అంటున్నవు. మీ తాత గూడ చర్చిల పాటకు ముందుండె. తీస్కో బిడ్డా. మోటరు ఇంకో ఏడు గుంజుతది.”

ఇంక ఓడిపోవడానికి వీల్లేదు.

17 జులై, ఆదివారం

చర్చి ఎగ్గొట్టాను. ఆదివారమైతే షాపులో జనం తక్కువ ఉంటారని నేనే ప్లాను వేశాను. నిజామాబాదులో బస్సు దిగితే అడుగు వేయడానికి చోటు లేదు. డప్పులు, వేపమండలు, గుంపులు గుంపులుగా జనం. ఈ రోజు గ్రామదేవతల ఊర పండుగ. పట్నమంతటికీ తెలుసు, ఎడపల్లి మెథడిస్టు పిల్లకు తప్ప. కంప్యూటర్ షాపుకు తాళం.

ఇంటికి వచ్చేసరికి అమ్మ గుమ్మంలో ఉంది. “దేవుని దినం దేవుని ఇడిసిపెట్టి పోయినవు. దొరికిందా పెట్టె?”

“ఇంకో దేవత పండుగ అడ్డమొచ్చింది,” అన్నాను. అమ్మ నవ్వు ఆపుకోవడానికి చెంగు అడ్డం పెట్టుకుంది. నేను చూశాను.

19 జులై

ఈ రోజు చాలా రాయాలి.

షాపు ఆత్మారాంది. ఫోనులో మరాఠీ, మాతో తెలుగు, పని కుర్రాళ్లతో ఉర్దూ. నన్ను పలకరించకుండా అన్నతో మొదలుపెట్టాడు. “గీ తయారు పెట్టె తీస్కపో తమ్మీ. కంపెనీ మాల్. చెల్లె టైపింగు నేర్సుకోనీకి మంచిగుంటది.”

“టైపింగుకు కాదు. వీడియో మిక్సింగుకు,” అన్నాను.

ఆయన మళ్లీ అన్ననే అడిగాడు. “మిక్సింగు నువ్వు జేస్తవా తమ్మీ?”

“నేను జేస్త,” అన్నాను. “ఇడివిడిగ సామాన్లు కావాలె. నేనే కట్టుకుంట.”

అప్పుడు నావైపు చూశాడు. కుర్చీ కూడా వేశాడు.

కాలేజీ లైబ్రరీలో కంప్యూటర్ పత్రికలన్నీ చదివి పోయాను. ప్రాసెసర్ దగ్గర గొడవ లేదు, పెంటియం ఫోర్. తర్వాత మదర్‌బోర్డు. మిగతావన్నీ దాని మీదే కూర్చోవాలి. ర్యామ్ కాస్త ఎక్కువే అడిగాను. కెమెరా తీగ పెట్టడానికి ఫైర్‌వైర్ కార్డు కూడా అడిగాను. ఈ పేరు చెప్పగానే ఆత్మారాం కనుబొమ్మలు పైకి పోయాయి. జిల్లాలో ఎవరూ అడగరట, హైదరాబాదు నుంచి తెప్పిస్తానన్నాడు.

క్యాబినెట్ దగ్గర అన్న ఆగిపోయాడు. పక్కన అద్దం, లోపల నీలం లైట్లు ఉన్నది పట్టుకుని వదలడు. “గేములాడెటోళ్లకు గిది సూడంగనే నోరూరతది,” అన్నాడు.

“ఎడపల్లిల మోటర్లు షురువైతే బల్బే ఎర్రగైతది. నీలం లైటేడ వెలుగుతది?” అన్నాను. ఆ లైట్లు వద్దని, కరెంటు పోయినా కాసేపు నిలబెట్టే యూపీఎస్ కావాలన్నాను. టేపు ఎక్కేటప్పుడు కరెంటు పోతే మళ్లీ మొదటికి రావాలి. కెమెరా మా చేతిలో ఉండేది ఒక్క రోజే.

అసలు యుద్ధం చివర్లో వచ్చింది. బాపు పైసలతో పెద్ద హార్డ్ డిస్కు వస్తుంది. లేదా చిన్న డిస్కు, అన్న అడిగే గ్రాఫిక్స్ కార్డు వస్తాయి. రెండూ రావు. గంట టేపు డిస్కులో ఎంత చోటు తింటుందో అన్నకు చెప్పాను. లింబయ్య ఇంటి పెండ్లి ఒక్కటి ఎక్కిస్తే చిన్న డిస్కు ఊపిరాడక చస్తుంది.

“గేములే పైసలు తెస్తయి,” అన్నాడు అన్న. “పాట తెస్తదా?”

“కార్డు తర్వాతనన్న కొనచ్చు. టేపు తర్వాతకు ఉంటదా?”

అన్న నన్ను కాసేపు చూశాడు. గట్టిగా వాదిస్తాడనుకున్నాను. “సరే, నీ పాటదే గెలుపు,” అని బయటికి పోయాడు. ఇంత తొందరగా ఎప్పుడూ ఓడిపోలేదు. నా వాదన బలం అనుకుంటున్నాను.

కార్డు తర్వాత వేసుకునేలా ఖాళీ స్లాటు ఉన్న బోర్డే తీసుకున్నాం. లేచి వస్తుంటే అన్న గేములకని చెవులకు పెట్టుకునే హెడ్‌సెట్ ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు. నోటి ముందుకు వంగిన చిన్న మైకు దానికి. “గిదన్న తీస్కుంట.” చెవులకు కంబళి కప్పినట్టుంది, శుద్ధ దండగ అన్నాను. తీసుకున్నాడు.

20 జులై

రాత్రి అన్నం దగ్గర మదర్‌బోర్డు అంటే ఏమిటని అమ్మ అడిగింది. అన్నిటినీ మోసేదని చెప్పాను.

“మరి తండ్రి బోర్డేడి?”

“దుబాయి వోయిండు,” అన్నాడు అన్న. బాపుకు పొలమారింది.

24 జులై, ఆదివారం

చర్చికి పోయాను. తర్వాత ముందు గదిలో చాప పరిచి సామాన్లన్నీ విప్పాను. ఆత్మారాం మనిషిని పంపుతానన్నాడు, వద్దన్నాను. ప్రాసెసర్‌ను రెండు వేళ్లతో మెల్లగా దించాను. అన్న స్క్రూలు అందించాడు, ఒక్క మాట కూడా ఎదురాడలేదు.

స్విచ్ వేసే ముందు బాపు చెయ్యి పట్టి ఆపాడు. ప్రార్థన చేయకుండా కొత్త వస్తువు ముట్టం కదా. అందరం కళ్లు మూసుకున్నాం. “ప్రభువా, గీ పెట్టెను, దీని లోపటి పలకలను, తీగలను నీ చేతికి అప్పజెప్తున్నం. నా బిడ్డ మనసుల ఏముందో నీకెరుకే. గా ముసలామె పాట దొరకనియ్యి.” అమ్మ కూడా ఆమెన్ అంది. అన్న అనలేదు, దగ్గాడు.

స్విచ్ వేశాను. ఫ్యాన్లు తిరిగాయి. తెర నల్లగా ఉంది.

25 జులై

ర్యామ్ సరిగా కూర్చోలేదంతే. గట్టిగా నొక్కాను. వెలిగింది.

31 జులై

రాస్తాను. రాయకపోతే రేపు నేనే నమ్మను.

పొద్దున్నే అన్న కెమెరా, టేపు తెచ్చాడు. ఫైర్‌వైర్ తీగ పెట్టాను. పసుపు దంచే చోటు దాకా టేపును తిప్పాను. తెర మీద లింబయ్య ఇల్లు, రోలు, ఆడవాళ్లు. లైటు వెలుగులో భీమవ్వ ముఖం బంగారంలా ఉంది. నోరు తెరిచింది.

ఏమీ రాలేదు.

స్పీకరు తీగలు చూశాను. సెట్టింగులు అన్నీ చూశాను. కెమెరాలోనే వేసి చెవి దగ్గర పెట్టుకున్నాను. రోకళ్లు పడుతున్నాయి, చప్పుడు లేదు. పెదవులు కదులుతున్నాయి, మాట లేదు. సీడీలో కనీసం వేరొకరి గొంతైనా ఉంది.

అప్పుడు కెమెరా పక్కన మైకు రంధ్రంలో చూశాను. ఒక పిన్ను పెట్టి ఉంది. దానికి తీగ లేదు. ఊరికే పిన్ను. వేరే మైకు తగిలించారనుకుని కెమెరా తన సొంత మైకును ఆపేస్తుంది. అది అక్కడ ఉన్నంతసేపు కెమెరాకు చెవులు ఉండవు.

“మేనమామ లొల్లి అయినంక సేటు పెట్టిచ్చిండు,” అన్నాడు అన్న. నేల చూస్తున్నాడు. “ఎట్లయినా సినిమా పాటలే ఏస్తరు గదా అని.”

“నీకు ముందుగాల్నే ఎరుకేనా?”

“చెప్తే నువ్వు బాపును అడుగకపోదువు.”

1 ఆగస్టు

అన్నతో మాట్లాడను.

2 ఆగస్టు

మాట్లాడలేదు. అన్న అబద్ధం చెప్పడు అని ఇందులో రెండుసార్లు రాసి ఉంది. కొట్టేయను. రెండూ అలాగే ఉండనీ.

మొన్న సాయంత్రమే ఆ మూగ టేపును డిస్కులోకి ఎక్కించి కెమెరా తిప్పి పంపాను. చోటు తింటే తిననీ. ఆ ముఖం మీద ఇంకో పెండ్లి పడనివ్వను.

3 ఆగస్టు

భీమవ్వ చెప్పిపోవడానికి వచ్చింది. తుకారాం వచ్చాడట, ఎల్లుండి ప్రయాణం. అమ్మ ఛాయ్ పెట్టింది. “ఏదే నీ పెట్టె, అందరంటున్నరు,” అంది భీమవ్వ. నాకు చూపించాలని లేదు. అమ్మ చూపించమంది.

వేశాను. చప్పుడు లేదని ముందే చెప్పాను. భీమవ్వ తెరకు దగ్గరగా జరిగి కూర్చుంది. “అగో, లింబన్న బిడ్డ. అగో, రోలుకు కంకణం గట్టిండ్రు. సూడు, సత్తవ్వ రోకలి ఎట్లేస్తుందో, ఏనాడన్న సక్కగ ఏసిందా?” అని నవ్వింది. రోకళ్లు ఒకటి తర్వాత ఒకటి పడుతున్నాయి. భీమవ్వ చెయ్యి దానంతట అదే బల్ల మీద పడింది. రోకలి పడ్డప్పుడల్లా చెయ్యి పడింది.

తర్వాత పాడింది.

నేను కదల్లేదు. పెండ్లి లేని ఇల్లు కదా అవ్వా అని అడగలేదు. తెరలో పెండ్లి జరుగుతూనే ఉంది.

ముద్దుగ దంచితే ముప్కాలు సుట్టాలు. ఒక్క పాదం పాడి ఆగింది. ‘దంచు మా యక్కా’ అని అందుకోవాల్సిన ఆడవాళ్లు తెరలో నోళ్లు తెరిచారు, గదిలో ఎవరూ లేరు. పాట అక్కడే నిలిచిపోతుందనుకున్నాను. వెనక నుంచి మా అమ్మ అందుకుంది. ‘దంచు మా యక్కా పసుపు దంచు.’ మా అమ్మ, శారమ్మ, కీర్తనలు తప్ప నోటికి రావనుకున్న అమ్మ. నేను వెనక్కి తిరిగితే కసిరింది: “నన్నేం జూస్తవు? నాట్లల్ల వాడలేదా మేము?”

అప్పుడు నా చేతికి ఏదో తగిలింది. అన్న హెడ్‌సెట్. ఎప్పుడు వచ్చాడో, దాని పిన్ను కంప్యూటరు మైకు రంధ్రంలో పెట్టేశాడు. నా వైపు చూడకుండా చాచాడు. తీసుకుని మైకును భీమవ్వ నోటి ముందు పట్టుకున్నాను. తెర మీది వీడియోను మొదటికి తిప్పి, రికార్డు నొక్కాను. “మల్లొక్కసారి అవ్వా.”

“మల్లా పెండ్లి జేస్తున్నవా? చెయ్యి,” అంది.

మొదటి చరణం. రెండో చరణం. యూపీఎస్ కీచుమంది, కరెంటు పోయింది. తెర వెలుగుతూనే ఉంది. పాట ఆగలేదు. తెరలో నేను లైటును కొక్కేనికి తగిలించి టేపు కోసం బయటికి పోయాను, నీడ మాత్రం కనిపించింది. భీమవ్వ తెరలోనూ ఇక్కడా ఒకేసారి గుమ్మం వైపు చెయ్యి ఊపింది.

లైటు వట్టిన పిల్ల లగ్గమెన్నడమ్మా
లైటు దించినంక లగ్గమైతదమ్మా

మేలో వాళ్లంతా నవ్వింది నా గురించే. అమ్మ పాట మధ్యలోనే పకపకా నవ్వింది. ఆ నవ్వు కూడా రికార్డయింది. తీసేయను.

లైటు ఇప్పుడే దించను అవ్వా.

5 ఆగస్టు

భీమవ్వ భివండి పోయింది. పాట ఎక్కించిన సీడీ ఇస్తే తీసుకోలేదు. “నాకెందుకే, నా నోట్లున్నది గద. నువ్వుంచుకో.” ఆటో కదిలాక తల బయటికి పెట్టి అమ్మతో, “శారమ్మా, నీ గొంతు మంచిగుంది, నాట్లేసుకుంట పాడుకో,” అని అరిచింది.

8 ఆగస్టు

పసుపు దంచే చోటు అతికాను. రోకళ్ల మీద భీమవ్వ గొంతు. అక్కడక్కడ పెదవులు ముందు, మాట వెనక. బాగుంది. లింబయ్య ఇంట్లో వేస్తే ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆయన భార్య కళ్లు తుడుచుకుని మళ్లీ వేయమంది.

రాజనర్సు సేటు విని తల అడ్డంగా ఊపాడు. “మంచిగనే ఉంది గని, గిరాకీలు సినిమా పాటనే అడుగుతరు పిల్లా.”

“బువ్వ తినేటప్పుడు ఏస్త సినిమా పాట,” అన్నాను. “పసుపు కాడ ఎయ్య. పని ఇస్తె ఇయ్యిండ్రి, లేకుంటే లేదు.”

అన్న పక్కనే ఉన్నాడు. “మా చెల్లె జేస్తెనే నేను కెమెరా వడ్త సేటూ,” అన్నాడు. చాలా రోజుల తర్వాత అన్న వైపు చూశాను. సేటు ఇద్దరినీ చూసి టేపుల డబ్బా మా వైపు తోశాడు.

12 ఆగస్టు

శ్రావణంలో మొదటి ముహూర్తం. అన్న తెల్లవారకముందే కెమెరా తీసుకుని పోయాడు.

నేను లేచి చూస్తే నా బల్ల మీద, నిఘంటువు పక్కన, తీగ లేని పిన్ను ఉంది.

మొదటి మిక్సింగ్ పైసలు రాగానే ఆ ఖాళీ స్లాటులో అన్న కార్డు వేస్తాను. అడగకపోయినా వేస్తాను. పిన్ను మాత్రం అడిగినా ఇవ్వను.